ముందు గంటలు, తర్వాతే గేమ్

ఉద్యోగం చేసుకుంటూ ఒంటిచేత్తో గేమ్ చేద్దామనుకునేవాళ్ళు దాదాపు అందరూ గేమ్ దగ్గరే మొదలుపెడతారు. పెద్ద మ్యాపు, అందులో ఊళ్ళు, ఊరికో కథ, నలభై రకాల శత్రువులు, పగలూ రాత్రీ మారే వెలుతురు. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నిండాక, ఇక దీనికి టైము ఎక్కడినుంచి తేవాలా అని వెతుక్కుంటారు. టైము దొరకదు, నిద్రలోంచి తీస్తారు. నిద్ర చాలదు, ఇంట్లోవాళ్ళ దగ్గర తీస్తారు. ఏడాది తిరిగేసరికి గేమూ ఉండదు, ఇంట్లో ప్రశాంతతా ఉండదు. నేను గట్టిగా నమ్మేది ఒకటే: వారంలో నిజంగా మిగిలే గంటలు ముందు తేల్చుకోవాలి, ఆ గంటల్లో పట్టే గేమ్‌ను ఆ తర్వాత వెతుక్కోవాలి. గేమ్‌ను బట్టి గంటలు తెచ్చుకునే దారి పెళ్ళాం బిడ్డలున్న ఉద్యోగికి లేదు.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, భార్యాభర్తలిద్దరూ పనిచేసేవాళ్ళు, బడికెళ్ళే ఒక పిల్ల. వారానికి 168 గంటలు. నిద్ర రోజుకు ఏడు చొప్పున 49. ఆఫీసు పని 45. మూడు రోజులు ఆఫీసుకు వెళ్ళాల్సివస్తే రానుపోను రోజుకు రెండున్నర గంటలు, అంటే ఏడున్నర. స్నానం, తిండి, వంట, బట్టలు, సరుకులు అన్నీ కలిపి రోజుకు నాలుగు గంటలు, 28. పిల్లతో మామూలు రోజుల్లో రెండేసి, శని ఆదివారాల్లో ఆరేసి, మొత్తం 22. అమ్మానాన్నలు, బ్యాంకు, డాక్టరు, ఎవరింట్లోనో ఫంక్షను, సగటున నాలుగు. మిగిలేది పన్నెండున్నర గంటలు. అందులోనూ స్నేహితులు, నడక, ఏమీ చేయకుండా కూర్చునే కాసేపు ఉండాలి. అవి తీసేస్తే గేమ్‌కు దొరికేది వారానికి తొమ్మిది, పది గంటలు. అదీ బాగా నడిచిన వారంలో.

గేమ్‌కు ఏడాదిలో 52 వారాలూ దొరకవు. సంక్రాంతికి ఊరు, దసరా సెలవులు, వానాకాలంలో ఇంటిల్లిపాదికీ చుట్టే జ్వరాలు, ఆఫీసులో రిలీజు ఉన్న వారాలు, పిల్ల పరీక్షలు, ఎండాకాలంలో వచ్చే చుట్టాలు. ఎనిమిది వారాలు సున్నా అనుకోవడమే నిజాయితీ. 44 వారాలు, వారానికి పది గంటలు: ఏడాదికి 440 గంటలు, రెండేళ్ళకు 880. ఇందులో మూడో వంతు అసలు గేమ్‌కే పోదు. స్టోర్ పేజీ, ట్రైలర్, స్క్రీన్‌షాట్లు, టెస్టర్లకు జవాబులు, పన్ను కాగితాలు, వేరే వేరే మెషీన్ల మీద బిల్డ్ (ఆడటానికి సిద్ధం చేసిన గేమ్ కాపీ) నడిపి చూడటం వీటికి పోతుంది. రెండేళ్ళకు చేతిలో మిగిలేది 580 గంటలు.

ఇప్పుడు అందరూ ఉదాహరణగా చెప్పే గేమ్‌లను ఈ కొలతతో కొలవండి. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కరే నాలుగున్నరేళ్ళు చేసి 2016 ఫిబ్రవరి 26న విడుదల చేశారు. రోజుకు పది గంటల దాకా పనిచేసేవారని ప్రసిద్ధి. ఏడాదికి 300 రోజులే అనుకున్నా 13,500 గంటలు. ఏడాదికి 440 గంటల లెక్కన అది ముప్ఫై ఏళ్ళ పని. ఆ రోజుల్లో ఆయన సియాటిల్‌లోని పారామౌంట్ థియేటర్‌లో జనాన్ని సీట్ల దగ్గరికి చేర్చే పార్ట్‌టైమ్ పని చేసేవారు, సహచరి సంపాదన ఇంటికి ఆసరాగా ఉండేది. ఈ కథ చెప్పేవాళ్ళు పట్టుదలను పొగుడుతారు. పట్టుదల నిజమే. కానీ ఆ గంటలకు అద్దె కట్టిన రెండో మనిషి పేరు అందులో చివరి వరుసలో కూడా రాదు.

లూకస్ పోప్ చేసిన పేపర్స్, ప్లీజ్ మన కొలతకు దగ్గర. ఒక సరిహద్దు చెక్‌పోస్టు, ఒక బల్ల, బల్ల మీద పాస్‌పోర్టులు, అంతే గేమ్. 2012 నవంబర్‌లో మొదలై 2013 ఆగస్టు 8న వచ్చింది. పెద్ద స్టూడియోలో పనిచేసి వచ్చిన చెయ్యి, పూర్తికాలం పని. వారానికి 40 గంటలే లెక్కేసినా 1,500 గంటలు దాటుతుంది. అంటే ఒకే బల్లతో నడిచే గేమ్ కూడా, ఆయనంత నేర్పు ఉన్నా, మనకు మూడున్నరేళ్ళు. ఈ లెక్క చూసి నిరాశపడక్కర్లేదు. ఎటైనా తిరగగల పెద్ద మ్యాపును, అంటే ఓపెన్ వరల్డ్‌ను పక్కన పెట్టేయడానికి కావలసిన ధైర్యం ఇందులో ఉంది.

580 గంటల్లో పట్టేది ఏమిటి? ఒకే తెర మీద ఆడే గేమ్. రెండు మూడు నియమాలు కలిసి కొత్త పరిస్థితులు వాటంతట అవే పుట్టే గేమ్. చేత్తో ఒక్కో లెవెల్ గీయాల్సిన గేమ్ అయితే ప్రతి పది నిమిషాల ఆటకూ మీవి ఇరవై ముప్ఫై గంటలు పోతాయి. నియమాల మీద నడిచే గేమ్‌లో ఒక కొత్త కార్డు చేర్చడానికి రెండు గంటలు పట్టినా, అది ఉన్న కార్డులన్నింటితో కలిసి వందల పరిస్థితులు తెస్తుంది. బలాత్రో ఇందుకు చక్కని పాఠం. లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉన్న ఒక డెవలపర్ 2021 డిసెంబర్‌లో హాబీగా మొదలుపెట్టారు, 2024 ఫిబ్రవరి 20న విడుదలైంది. లవ్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్, లువా భాష, ఒక తెర, అందరికీ తెలిసిన పేకముక్కలు, వాటిని మలుపు తిప్పే 150 జోకర్లు. నడిచే పాత్ర లేదు, మ్యాపు లేదు, మాటలాడే ఊరివాళ్ళు లేరు. అది ఎంత అమ్ముడైందన్నది పక్కన పెట్టి, ఏమేం లేకుండా గేమ్ పూర్తయిందో చూడండి.

మొదటి రోజే వద్దనుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ అందులో ముందుది. సర్వర్ రాత్రి రెండింటికి పడిపోతే లేచేది మీరే, తొమ్మిదింటికి ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో కూర్చునేదీ మీరే. ప్రతి వారం కొత్త కంటెంట్ కావాల్సిన ఫ్రీ టు ప్లే మొబైల్ గేమ్ రెండోది. మొబైల్‌లో ఇంకో అడ్డు ఉంది: 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత గూగుల్ ప్లే డెవలపర్ ఖాతాకు, గేమ్ అందరికీ విడుదల చేయడానికి ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో ఉండాలి. ఖాతా ఫీజు 25 డాలర్లే కానీ ఆ పన్నెండు మందిని రెండు వారాలు నిలబెట్టి ఉంచడం చిన్న పని కాదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో అడిగితే నలుగురు ఇన్‌స్టాల్ చేస్తారు, మూడో రోజుకు ఇద్దరు తీసేస్తారు.

వద్దని చెప్పినవి చాలు, చేయాల్సిన వాటిలో అందరూ వాయిదా వేసేది ఒకటుంది: ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టే సేవ్ సిస్టమ్. మొదటి నెలలో రాయకపోతే పద్నాలుగో నెలలో అది మొత్తం గేమ్‌ను తిరగరాయిస్తుంది. ఎందుకంటే అప్పటికి గేమ్ స్థితి యాభై చోట్ల చెల్లాచెదురుగా ఉంటుంది, శత్రువు ప్రాణం శత్రువు దగ్గర, తలుపు తెరిచిందో లేదో తలుపు దగ్గర. స్థితి అంతా ఒకే చోట డిక్షనరీలో (కోడ్‌లో పేరూ విలువా జంటలుగా దాచే పట్టిక) ఉంచి, తెర మీది వస్తువులు దాన్ని చూసి నడుచుకునేట్టు మొదటే రాసుకుంటే సేవ్ అంటే ఆ డిక్షనరీని ఫైల్లోకి రాయడమే. ఫైల్లో అన్నిటికన్నా ముందు వెర్షన్ నంబరు పెట్టండి. పాత సేవ్‌ను కొత్త గేమ్ తెరిచినప్పుడు ఏం మార్చుకోవాలో ఆ నంబరే చెబుతుంది. రాసేటప్పుడు నేరుగా పాత ఫైల్ మీద రాయొద్దు. పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి, అది పూర్తిగా పడ్డాక పేరు మార్చండి, ముందుదాన్ని బ్యాకప్‌గా ఉంచండి. పాత ఫైల్ మీదే రాస్తుండగా కరెంటు పోతే ఖాళీ ఫైలు మిగులుతుంది. ఇరవై గంటలు ఆడిన మనిషి ఆ ఖాళీ ఫైలును క్షమించడు.

సేవ్ ముందే ఉంటే ఆటగాడు ఎక్కడైనా ఆపేసి లేవగలడు. పిల్లలున్న ఇంట్లో గేమ్ ఆడేవాళ్ళు కూడా మీలాంటివాళ్ళే.

ఇక రోజువారీ పని. పది గంటలు అన్నాను కానీ అవి ఒక్కచోట రావు. మామూలుగా ఐదు రోజులు గంటంబావు చొప్పున, శనివారమో ఆదివారమో ఒక మూడు గంటల ముప్పావు. ఆరు సిట్టింగ్‌లు. ప్రతి సిట్టింగ్‌లో మొదటి ఇరవై నిమిషాలు 'నిన్న ఎక్కడ ఆపాను' అనే దానికే పోతాయి. ఆరు ఇరవైలు రెండు గంటలు. ఉన్న పదిలో ఐదో వంతు గుర్తుతెచ్చుకోవడానికే ఖర్చయిపోతోంది. చాలామంది తమకు టైము లేదనుకుంటారు. సగం మందికి అసలు ఇబ్బంది ఈ ఇరవై నిమిషాలే.

దీనికి మందు సిట్టింగ్ చివర ఉంది. ఐదుంబావుకు కూర్చుని ఆరున్నరకు లేచేవాళ్ళయితే, ఆరూ ఇరవైకి కోడ్ ఆపేయాలి. నడుస్తున్న స్థితిలో కోడ్‌ను గిట్‌లో (కోడ్ మార్పులను దశలవారీగా భద్రపరిచే సాధనం) కమిట్ చేసి పుష్ చేయాలి. కమిట్ అయ్యాక, రేపు రాయాల్సిన ఫంక్షన్ పేరు ఒక్కటి రాసి, లోపల సగం వాక్యం వదిలేయాలి. గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్, గోడాట్ అయితే రేపు తెరవగానే అదే స్క్రిప్టు, ఆ వరుస ఎర్రగా కనబడుతుంది, చెయ్యి నేరుగా అక్కడికే పోతుంది. పక్కన ఒక టెక్స్ట్ ఫైల్లో రెండు వాక్యాలు: ఏం పనిచేస్తోంది, ఏది అనుమానంగా ఉంది. 'ఫైట్ మొత్తం సరిచేయాలి' అని రాస్తే అది రేపు ఉదయానికి గోడలా కనిపిస్తుంది. 'విషం దెబ్బ రెండుసార్లు తగులుతోంది, టర్న్ చివర సిగ్నల్ రెండుచోట్ల కలిపానేమో చూడాలి' అని రాస్తే కాఫీ చల్లారకముందే పని మొదలవుతుంది.

రెండోది, గేమ్‌లోని ఏ భాగానికైనా నేరుగా దూకే వీలు. గోడాట్‌లో ఎఫ్5 నొక్కితే గేమ్ మొదటినుంచి నడుస్తుంది, ఎఫ్6 నొక్కితే తెరిచి ఉన్న సీన్ ఒక్కటే నడుస్తుంది. ప్రతి సీన్ ఒంటరిగా నడిచేట్టు రాసుకోవాలి. బయటినుంచి డేటా రాకపోతే తనకు తానే నకిలీ డేటా పెట్టుకుని లేచి నిలబడాలి. మెనూ, సేవ్ స్లాట్, కథ దాటి ఫైట్‌కు చేరడానికి 40 సెకన్లు పడుతుందనుకోండి, ఒక ఉదయంలో 30 సార్లు చూస్తే ఇరవై నిమిషాలు పోయినట్టే. గంటంబావు సిట్టింగ్‌లో అది నాలుగో వంతు కన్నా ఎక్కువ.

మూడోది, పనిని బుర్ర అలసటను బట్టి రెండు కుప్పలు చేసుకోవడం. సేవ్‌లో బగ్, కొత్త నియమం, కార్డుల బ్యాలెన్స్ తాజా బుర్రతో చేసేవి. సౌండ్ ఫైళ్ళ చివర్లు కత్తిరించడం, ఐకాన్ల రంగు సరిచేయడం, స్క్రీన్‌షాట్లు తీయడం, టెస్టర్లకు జవాబులు అలసిన బుర్రతో చేసినా చెడవు. రాత్రి పదిన్నరకు అమెరికా కాల్ ముగిశాక డిజైన్ నిర్ణయాలు తీసుకుంటే అవి మర్నాడు చెరిపేయాల్సి వస్తుంది. అలాంటి రాత్రికి రెండో కుప్పలోంచి పావుగంట పని ఒకటి తీసి, చేసి, పడుకోవాలి. ఏమీ చేయకుండా పడుకున్నా తప్పులేదు. నిద్ర తగ్గితే మొదట పోయేది బగ్ పట్టుకునే చూపు. దాని పక్కనే పోయేది పిల్లల మీద ఓపిక.

ఇంజిన్ విషయంలో ఒక్క మాటే. ఒకటి ఎంచుకోండి, దాని వెర్షన్ కూడా కట్టేసుకోండి. 2023 సెప్టెంబర్ 12న యూనిటీ అనే ఇంజిన్ కంపెనీ రన్‌టైమ్ ఫీజు (గేమ్ ఇన్‌స్టాల్‌ల లెక్కన డెవలపర్లు కట్టాల్సిన రుసుము) ప్రకటించినప్పుడు ఎంతోమంది ఉన్నపళంగా ఇంజిన్ మార్చారు. సరిగ్గా ఏడాదికి ఆ ఫీజును కంపెనీయే రద్దు చేసింది. వారానికి పది గంటల ప్రాజెక్టును ఇంకో ఇంజిన్‌కు మార్చడమంటే నాలుగైదు నెలలు గేమ్ కదలదు. ఒకే ఇంజిన్‌లో వెర్షన్ మార్చినా ఖర్చే. గోడాట్ 4.3లో మ్యాపులు పేర్చే టైల్‌మ్యాప్ నోడ్ పక్కకు తప్పుకుని టైల్‌మ్యాప్‌లేయర్ వచ్చింది. పాతది పనిచేస్తూనే ఉన్నా, కొత్తదానికి మారాలనుకున్నవాళ్ళు పాత మ్యాపులు మార్చుకోవాల్సివచ్చింది. బగ్ సరిచేసిన చిన్న వెర్షన్‌కు వెళ్ళొచ్చు. కొత్త సదుపాయాల వెర్షన్ తర్వాతి గేమ్‌కు ఉంచుకోండి.

తెలుగులో గేమ్ చేయాలనుకునేవాళ్ళకు ఇంజిన్ ఎంపిక ఇంకా ముఖ్యం. గోడాట్ 3లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా అతకవు. గోడాట్ 4లో అక్షరాలను అతికించే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఉంది కాబట్టి అతుకుతాయి. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో మామూలుగా పెడితే ఒత్తులు విడిపోతాయి. అతికాక కూడా ఒక గండం ఉంది. డైలాగ్ ఒక్కో అక్షరం చొప్పున తెర మీద పడే ఎఫెక్ట్ పెట్టారనుకోండి. 'లక్ష్మి' అనే మాటలో ముందు 'ల' వస్తుంది, తర్వాత 'క', మరుక్షణం 'క్', తర్వాత 'క్ష', ఇలా అక్షరం కళ్ళముందే రూపాలు మార్చుకుంటూ వణుకుతుంది. కంప్యూటర్‌కు అవి ఏడు కోడ్‌పాయింట్లు (విడివిడి గుర్తులు), చదివేవాడికి రెండే అక్షరాలు. గోడాట్‌లో మాటలు చూపించే లేబుల్‌కు విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అనే సెట్టింగ్ ఉంటుంది. మామూలుగా అది అక్షరాలు అతకడానికి ముందు లెక్కపెడుతుంది. దాన్ని అతికిన తర్వాత లెక్కపెట్టేట్టు మారిస్తే వణుకు పోతుంది. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక మూడు ఉదయాలు పోగొట్టుకోవడం చాలా తేలిక.

ఇప్పుడు ఉద్యోగం. చాలామంది దాన్ని శత్రువుగా చూస్తారు. నేను దాన్ని పబ్లిషర్ అంటాను, అంటే గేమ్‌కు డబ్బు పెట్టేది. ప్రతి నెలా ఒకటో తారీఖున డబ్బు వేస్తుంది, మీ గేమ్‌లో వాటా అడగదు, గేమ్ ఆలస్యమైతే కోప్పడదు. కాకపోతే వాటా అడగకుండా ఉండాలంటే కాగితం చూసుకోవాలి. మన కాపీరైటు చట్టం 1957లో 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి తొలి హక్కుదారు యజమానే. ఇంట్లో, మీ టైములో, మీ మెషీన్ మీద చేసిన గేమ్ మామూలుగా ఉద్యోగంలో భాగం కాదు. కానీ ఆఫర్ లెటర్‌తోపాటు సంతకం పెట్టిన ఒప్పందాల్లో అంతకన్నా విశాలమైన షరతులు ఉండొచ్చు: ఉద్యోగంలో ఉన్నంతకాలం చేసిన ప్రతి ఆవిష్కరణా కంపెనీదే అనో, బయట సంపాదన వచ్చే ఏ పనికైనా ముందస్తు అనుమతి కావాలనో. ఆ రెండు పేరాలు వెతికి చదవండి. మూన్‌లైటింగ్ (ఉద్యోగం చేస్తూ బయట ఇంకో పని చేయడం) మీద కంపెనీలు ఎంత గట్టిగా ఉండగలవో 2022 సెప్టెంబర్‌లో చూశాం. పోటీ సంస్థలకు పనిచేస్తున్న 300 మందిని తీసేశామని విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ బహిరంగంగానే చెప్పారు. సొంత గేమ్ అదే కోవలోకి రాకపోవచ్చు. అయినా గేమ్ అమ్మకానికి పెట్టకముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గేమ్ కోడ్ ఒక్క వరుస కూడా ఉండకూడదు. ఆఫీసు లైసెన్సుతో కొన్న ఫోటోషాప్, ఆఫీసు ఖాతాలోని ఏఐ టూల్, ఆఫీసు క్లౌడ్, ఏదీ వాడకూడదు. భోజనం విరామంలో కూడా.

డబ్బు లెక్క కూడా దాచకుండా చెప్పుకోవాలి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ వంద తిరిగి వస్తుంది. స్టీమ్ వాటా 30 శాతం. రిఫండ్లు, ఒక్కో దేశంలో పన్నులు, మన రూపాయి ధర లాంటి తక్కువ ప్రాంతీయ ధరలు, డిస్కౌంట్లు అన్నీ పోయాక మీ చేతికి వచ్చేది పెట్టిన ధరలో సగానికి అటూఇటూ అనుకోవడం మంచిది. ఐదు డాలర్ల గేమ్ వెయ్యి కాపీలు అమ్మితే 2,500 డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన 2,12,500. దాన్ని 880 గంటలతో భాగిస్తే గంటకు 240 రూపాయలు. పేరులేని మొదటి గేమ్‌కు వెయ్యి కాపీలంటే మంచి ఫలితం, తక్కువగా చూడొద్దు. కానీ ఆ అంకె చూశాక ఉద్యోగం మానేయాలన్న ఆలోచన రాకూడదు. ఇంటి ఈఎంఐ, పిల్ల ఫీజు, పెద్దవాళ్ళ మందులు ఆ 240 మీద నిలబడవు. ఒక గేమ్ విడుదలయ్యాక, దాని ఆదాయం వరసగా 12 నెలలు ఇంటి ఖర్చును మోసి, పైగా ఏడాది ఖర్చు బ్యాంకులో ఉంటే అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. దానికి ముందు ఆ మాట తీయడం ఇంట్లోవాళ్ళ మీద మోపే భారం.

పన్ను గురించి క్లుప్తంగా. స్టీమ్‌లో చేరేటప్పుడు అమెరికా పన్ను ఇంటర్వ్యూ నింపాలి, అందులో పాన్ నంబరు ఇస్తే భారత్-అమెరికా ఒప్పందం ప్రకారం అమెరికా అమ్మకాల మీద కోత 30 బదులు 15 శాతం అవుతుంది. బ్యాంకు ఖాతా పేరు అక్కడ ఇచ్చిన పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, కలవకపోతే చెల్లింపు ఆగుతుంది. ఇక్కడ ఈ రాబడిని ఐటీఆర్-1లో చూపడం కుదరదు. జీతం ఒక్కటే చూపే రిటర్నుకు అలవాటుపడ్డవాళ్ళు ఆ ఏడాది సీఏ దగ్గరకు వెళ్ళడమే మేలు. అమెరికాలో కోసిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ దొరుకుతుంది, దానికి వేరే ఫారం వేయాలి.

ఇంటి సంగతి నేను చివరికి పెట్టలేదు, లెక్కలో మొదటినుంచీ అదే ఉంది. అయినా విడిగా చెప్పాల్సినది ఒకటుంది. 'తెల్లవారుజామున లేచి చేసుకో' అన్నది మగవాళ్ళు మగవాళ్ళకు చెప్పుకునే సలహా. ఐదున్నరకు లేచి, టిఫిన్ చేసి, రెండు బాక్సులు కట్టి, జడ వేసి, ఏడుంబావుకు బస్సు ఎక్కించే మనిషికి ఆ గంట ఖాళీగా లేదు. గేమ్ చేసేది భర్త అయితే, ఆయన ఐదుంబావుకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ గంట పని పక్కగదిలో ఆమె చేస్తోంది. గేమ్ చేసేది భార్య అయితే ఆ గంట ఆమెకు దొరకనే దొరకదు, ఎవరైనా తీసి ఇవ్వాలి. 'మా ఇంట్లో సపోర్ట్ చేస్తారు' అంటే అర్థం, ఇంకొకరు తమ గంటలు ఇస్తున్నారని. గంటలను గంటలతోనే తీర్చాలి. ఐదు ఉదయాలు గేమ్‌కు తీసుకుంటే, మూడు సాయంత్రాలు వంటిల్లూ హోంవర్కూ పూర్తిగా మీవి, ఆ సమయంలో రెండో మనిషి ఏం చేస్తారన్నది మీరు అడగకూడదు. ఇది నోటిమాటగా ఉంటే నిలవదు. ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో ఎవరి గంటలు ఎవరివో రంగు పెన్నులతో రాసి ఉండాలి, గేమ్ గంటలు ఒక రంగు, తిరిగి ఇచ్చేవి ఇంకో రంగు. నెల చివర రెండు రంగులూ లెక్కపెట్టాలి. రెండో రంగు తక్కువైతే తర్వాతి నెలలో గేమ్ గంటలు ఆ మేరకు తగ్గాలి, విడుదల ఆలస్యమైనా సరే.

పిల్లలు మేలుకుని ఉండగా ల్యాప్‌టాప్ తెరవకపోవడం నా దృష్టిలో మినహాయింపు లేని నియమం. సగం కన్ను తెర మీద పెట్టి పిల్లతో ఆడితే రెండూ చెడతాయి, పిల్లకు అది వెంటనే తెలుస్తుంది. గేమ్ చూపించాలంటే పనిగా చూపించండి. ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి కంట్రోలర్ ఇచ్చి, నోరు మూసుకుని పక్కన కూర్చుంటే పది నిమిషాల్లో మీ ట్యుటోరియల్‌లో తప్పులన్నీ బయటపడతాయి. 'అది నొక్కు' అని మీరు అన్న ప్రతిచోటా గేమ్ చెప్పాల్సింది మీరు చెబుతున్నారు. కాగితం మీద ఆ చోట్లు రాసుకోండి.

విడుదల దగ్గరికి వచ్చేసరికి క్యాలెండర్ మీ చేతుల్లోంచి స్టీమ్ చేతుల్లోకి పోతుంది. ఇల్లు అలకగానే పండగ కాదు. ఫీజు కట్టాక విడుదలకు కనీసం 30 రోజులు ఆగాలి. 'త్వరలో' అని స్టోర్ పేజీ కనీసం రెండు వారాలు బయట ఉండాలి, నిజానికి ఆరు నెలలు ఉండాలి, విష్‌లిస్ట్‌లు (తర్వాత కొందామని గేమ్‌ను గుర్తుపెట్టుకున్నవాళ్ళ లెక్క) చేరేది అప్పుడే. పేజీనీ బిల్డ్‌నూ విడివిడిగా పరిశీలిస్తారు, ఒక్కోదానికి మూడు నుంచి ఐదు పనిదినాలు. తిరస్కరిస్తే మళ్ళీ వరుసలో నిలబడాలి, మీరు దాన్ని సరిచేయగలిగేది మర్నాడు ఉదయమే. అందుకే ప్రతి దశకూ మూడు వారాలు పెట్టుకోవాలి. స్టోర్ జాబితాల్లో గేమ్‌కు కనిపించే చిన్న బొమ్మ 462×174 పిక్సెళ్ళది. దాన్ని ఫోన్‌లో చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి, గేమ్ పేరు చదవగలిగితేనే అది పూర్తయినట్టు. డబ్బు పెట్టి ఆర్టిస్టు చేత చేయించాల్సింది ఏదైనా ఉంటే, అది ఆ బొమ్మే.

రాబోయే గేమ్‌ల డెమోలు ఆడించే స్టీమ్ పండగ నెక్స్ట్ ఫెస్ట్ ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లో వస్తుంది. ఒక గేమ్‌కు ఒక్కసారే అవకాశం, కాబట్టి సగం ఉడికిన డెమోతో వెళ్ళొద్దు. అది మొదలయ్యేది అమెరికా పసిఫిక్ సమయం ఉదయం పదింటికి, అంటే మనకు జూన్, అక్టోబర్‌లలో రాత్రి పదిన్నర, ఫిబ్రవరిలో పదకొండున్నర. మొదటి రాత్రి డెమోలో క్రాష్ ఏదైనా బయటపడితే సరిచేయాల్సింది అప్పుడే. కాబట్టి ఆ తర్వాతి రెండు రోజులకు ముందే సెలవు పెట్టుకోవాలి. అక్టోబర్‌లో దసరా దీపావళి ఎప్పుడొస్తాయో చూసుకోకుండా పేరు ఇస్తే ఊళ్ళో అత్తగారింట్లో మొబైల్ డేటా మీద బిల్డ్ ఎక్కించాల్సి వస్తుంది.

విడుదలకు ఐదు పనిదినాల సెలవు దాచుకోండి, మార్చి ఆఖరు, ఆఫీసు రిలీజు వారం రెండూ తప్పించండి. గేమ్‌ను సాయంత్రం ఆరున్నరకు వదిలితే అమెరికా తూర్పు తీరంలో పొద్దున అవుతుంది, మీకు ఇంకా ఐదు గంటలు మెలకువ ఉంటుంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల్లోపు ఆడి ఉంటే ఎవరైనా రిఫండ్ తీసుకోవచ్చు. ఆ రిఫండ్ల కింద రాసే కారణాలు రోజూ చదవండి, క్రాష్‌లు మొదట అక్కడే తేలుతాయి. మొదటి వారం రోజుకో ప్యాచ్, రెండో వారం మొత్తానికి ఒకటి. మూడో వారంనుంచి సమీక్షలు చూడటం ఆదివారం ఒక గంటకు కుదించండి. ఆ తర్వాత నాలుగు వారాలపాటు క్యాలెండర్‌లో గేమ్ రంగు పెన్ను ముట్టొద్దు. ఆ ఇరవై ఉదయాలూ ఇంట్లో రెండో మనిషి పేరు మీద రాసి, టిఫిన్ బాక్సులు మీరు కట్టండి.